మూడు రోజులు గిర్ని బంద్

వరంగల్ కరీమాబాద్‌లోని జానీ మియా పిండిగిర్ని ఇరవై నాలుగేళ్లలో మూడుసార్లే మూతపడింది. ఒకసారి వాళ్ల నాన్న పోయినప్పుడు, ఇంకోసారి అత్త పోయినప్పుడు, చివరిగా నెక్కొండలో అన్న పోయినప్పుడు. రంజాన్ నాడు కూడా ఈద్గాలో నమాజు చేసి, నలుగురినీ కౌగిలించుకుని, ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగి, మధ్యాహ్నానికల్లా షట్టర్ ఎత్తేవాడు. లాక్‌డౌన్‌లో ఊరంతా తలుపులు వేసుకున్నా, పిండి లేనిదే పూట గడవదు కాబట్టి, ఆయన మోటారు తిరుగుతూనే ఉంది.

గిర్ని నడవాలంటే ఇద్దరు కావాలి. డబ్బాలు అందుకుని, తూకం వేసి, పట్టిన పిండిని జల్లించి ఇవ్వడం ఆయన భార్య జైనాబీ పని. రాళ్ల మధ్యకు గింజ వదలడం, బెల్టు చూసుకోవడం జానీ మియా పని. ఏ పెళ్లికో వెళ్లక తప్పకపోతే ఒకరు వెళ్లేవారు, రెండోవారు ఒంటి చేత్తో ఎలాగో నెట్టుకొచ్చేవారు. చుట్టాల పెళ్లి ఆల్బమ్‌లు తిరగేస్తే ఒకదాంట్లో ఆయన కనిపిస్తాడు, మరోదాంట్లో ఆమె కనిపిస్తుంది.

వాళ్లకు ఒక్కతే కూతురు, ఫౌజియా. పోయినేడు టీచరు ఉద్యోగం వచ్చి, ములుగు దాటాక అడవి లోపల ఓ చిన్న ఊరి బడిలో చేరింది. చేరిన రోజు తండ్రి వెళ్లి దిగబెట్టి వచ్చాడు. జ్వరం వచ్చినప్పుడు తల్లి వెళ్లి రెండు రోజులు ఉంది. ఇద్దరూ కలిసి మాత్రం వెళ్లలేదు.

నవంబరు మొదటి వారంలో ఫౌజియా ఫోన్ చేసింది. జానీ మియా ఒక చెవి మూసుకుని, మోటారు శబ్దం మీదుగా గట్టిగా మాట్లాడాడు.

“అబ్బా, పద్నాలుగో తారీఖు మా బడిల పిల్లల పండుగ. అన్నీ నేనే చేయిస్తాన. మీరిద్దరు రావాలె.”

“మీ అమ్మీ వస్తది బిడ్డా.”

“ఇద్దరు అని చెప్తాన గద. శుక్రవారం వచ్చి ఆదివారం పోండ్రి.”

“మూడు రోజులా! మరి గిర్ని?”

“బంద్ పెట్టు. నాకు ఏడాదికి ఇన్నని సెలవులున్నయి. నీకెన్ని ఉన్నయి అబ్బా?”

ఆయన అటూ ఇటూ చూశాడు. “గిరాకీ వచ్చింది, మల్ల చేస్త” అని పెట్టేశాడు. నిజానికి ఆ క్షణాన అక్కడ ఎవరూ లేరు.

సాయంత్రం మోటారు ఆపి రాళ్లు దులుపుతుంటే జైనాబీ ఆ మాటే ఎత్తింది.

“నువ్వు పోయి రా. నేను చూసుకుంట” అన్నాడు ఆయన.

“బిడ్డ ఇద్దరిని రమ్మన్నది.”

“ఎదురుగల్లీల భానుచందర్ గిర్ని పెట్టి నాలుగేండ్లాయె. కొత్త మిషన్లు. మనం ఒక్కపూట బంద్ పెడితె గిరాకీ అంత అటే పోతది. పోయినోళ్లు మల్ల వస్తరా? ఆదివారం నాడైతె లైను కడ్తరు, నీకు తెల్వదా?”

“తెలుసు.”

“బక్కమ్మ సంగతి కూడ చూడాలె గద. ఆమె పొయ్యి మన పిండి మీదనే నడుస్తాంది.”

బక్కమ్మ చౌరస్తా దగ్గర సాయంత్రాలు జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. అరవై దాటిన మనిషి. ఏ రోజు పిండి ఆ రోజే పట్టించుకుంటుంది. భానుచందర్ మిషన్‌లో పిండి వేడెక్కి రొట్టె విరిగిపోతుందని, రాతి గిర్ని పిండే కావాలని రోజూ ఇంతదూరం నడిచి వస్తుంది.

జైనాబీ చేతిలో జల్లెడ పక్కన పెట్టింది. “ఓ ఫౌజియా అబ్బా, ఒక మాట అడుగుత. మనం మూడుసార్లు బంద్ పెట్టినం. మూడుసార్లు సచ్చిపోయినోళ్ల కోసమే. బతికున్నోళ్ల కోసం ఒక్కసారన్న పెట్టినమా?”

జానీ మియా దులిపిన రాళ్లనే మళ్లీ దులిపాడు. భోజనం దగ్గర, చేయి కడుక్కుంటూ, “బక్కమ్మక్కకు నువ్వే చెప్పు. నాతోని కాదు” అన్నాడు.

మర్నాడు పొద్దున బక్కమ్మ జొన్నల సంచీ దించగానే జైనాబీ మెల్లగా విషయం చెప్పింది. తిట్లు పడతాయనుకుని సిద్ధంగానే ఉంది.

“మూడు రోజులా?” అంది బక్కమ్మ. “ఎటు పోతాండ్రు?”

“ములుగు దిక్కు. అడివిల ఉంటది మా ఫౌజియా బడి.”

బక్కమ్మ కాసేపు ఆలోచించింది. “నువ్వు పిండి పట్టకపోతె నేను రొట్టె చెయ్య. రొట్టె చెయ్యకపోతె ఇంట్ల కూసుండి నేనేం జెయ్యాలె? నన్ను గూడ తీస్కపోతరా బిడ్డా? బస్సుల ఆడోళ్లకు టికెట్ ఉట్టిదే గద.”

జైనాబీ నవ్వు ఆపుకోలేకపోయింది. జానీ మియా మాత్రం తన చివరి సాకు కూడా ప్రయాణానికి తయారవుతుంటే నోరు తెరిచి చూశాడు.

గురువారం సాయంత్రం జైనాబీ ఓ అట్టముక్క తీసుకుని, ఏడో తరగతి దాకా చదివిన అక్షరాలతో రాసింది: ‘శుక్ర, శని, ఆదివారాలు గిర్ని బంద్. సోమవారం తీస్తం. అర్జంటున్నోళ్లు ఎదురుగల్లీల భానుచందర్ గిర్నికి పోండ్రి.’

జానీ మియా అది చదివి భార్య వైపు చూశాడు. “పిచ్చి గిట్ల లేసిందా నీకు? మన గిరాకీని మనమే చెయ్యి పట్టి అటు తోలుతానమా?”

“గోధుమలు నెత్తిన పెట్టుకొని వచ్చిన ఆడామె ఉట్టిగ వాపస్ పోవాల్నా? పోయేటోళ్లు మనం చెప్పకున్న పోతరు. చెప్తె జర మర్యాదన్న ఉంటది.”

ఆయన భానుచందర్‌తో నాలుగేళ్లుగా సరిగా మాట్లాడింది లేదు. ఎదురుపడితే తల ఊపుకోవడం, అంతే. అయినా అట్టను చింపలేదు. తీగ ముక్క తెచ్చి తనే షట్టర్‌కు కట్టాడు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ బస్సెక్కారు. బక్కమ్మ కొత్త చీర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. హనుమకొండ దాటకముందే జానీ మియా ఫోన్ మోగింది. పాత గిరాకీ, రిటైరైన రాజేశ్వర్ రావు సారు.

“జానీ, గిర్నికి బంద్ అని అట్ట కట్టి ఉన్నది. ఎవరు పోయిండ్రయ్యా?” ఎంతో బాధగా అడిగాడాయన.

“ఎవరు పోలేదు సార్. మేమే పోతానం. బిడ్డ కాడికి.”

 అవతల ఆయన నవ్వాడు. “మంచి పని చేసినవ్. నేను భయపడ్డ.”

ములుగు చేరేలోపు అలాంటివి ఇంకో ఐదు ఫోన్లు వచ్చాయి. ఒకాయన అయితే ఈసారీ నెక్కొండలోనే ఎవరో పోయారనుకుని, బయల్దేరి వస్తున్నానని, మట్టికి అందుతానా అని అడిగాడు. ఆరో ఫోన్ అయ్యాక జైనాబీ చేయి చాపి ఫోన్ తీసుకుని తన సంచీలో వేసుకుంది. ములుగులో జీపు మారారు. రోడ్డుకు రెండు వైపులా చెట్లు దగ్గరపడుతుంటే బక్కమ్మ, “నేను ఇంత దగ్గర ఇంత అడివి ఉంటదని అనుకోలే” అని డ్రైవరుతో రెండుసార్లు చెప్పింది.

బడిలో రంగు కాగితాలు కట్టారు. పిల్లలు పాటలు పాడారు, ఆడారు, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తారు. హెడ్మాస్టరు జానీ మియాను పిలిచి బహుమతులు ఇప్పించాడు. ఒక్కొక్క పలక, ఒక్కొక్క పెన్నుల డబ్బా అందిస్తూ ఆయన భార్య వైపు చూశాడు. జైనాబీ రెండు చేతులతో చప్పట్లు కొడుతోంది. ఫౌజియా మైకు పట్టుకుని, పిల్లల్ని కసురుతూ, నవ్విస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. ఇంట్లో గట్టిగా మాట్లాడని పిల్ల ఇక్కడ అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెడుతోంది. ఇది జానీ మియాకు తెలియని ఫౌజియా.

భోజనాల దగ్గర వంటామె వడ్డిస్తుంటే బక్కమ్మ మూడుసార్లు చారు పోయించుకుంది. “అంత రుచి ఉన్నదా పెద్దమ్మా?” అని ఫౌజియా అడిగితే, “రుచి కాదు బిడ్డా, కూసున్న కాడికి తెచ్చి పోస్తాంది సూడు. నేను ఎవ్వలకన్న పెట్టుడే గని, నాకెవ్వలు పెట్టిండ్రు?” అంది.

సాయంత్రం ఫౌజియా అద్దె ఇంటి అరుగు మీద మొగుడూ పెళ్లాం కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. కాసేపటికి ఫౌజియా లోపలి నుంచి వచ్చింది.

“అబ్బా, ఎందుకు ఒర్లుతానవ్? పక్కింటామె వచ్చి అడుగుతాంది, మీ అమ్మానాన్న కొట్లాడుకుంటాండ్రా అని.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు రేపు కూరేం వండాలో మాట్లాడుకుంటున్నారు, అంతే. కానీ ఇరవై నాలుగేళ్లుగా మోటారు మీదుగా మాట్లాడి మాట్లాడి గొంతులు అలాగే స్థిరపడిపోయాయి. జైనాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జానీ మియా గొంతు తగ్గించి మాట్లాడబోతే అది తన గొంతులాగే అనిపించలేదు.

శనివారం పొద్దున జానీ మియాకు చేతులు ఊరుకోలేదు. తలుపు గడియ వదులుగా ఉంటే బిగించాడు. కుళాయి కారుతుంటే వాషరు మార్చాడు. పది గంటలకల్లా ఆ ఇంట్లో బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. సంచీలోంచి ఫోన్ తీసుకోబోతే జైనాబీ చూసింది.

“నడువు, వాగు దాక పోయొద్దం.”

బక్కమ్మను పిలిచారు గానీ ఆమె నులకమంచం మీద గాఢనిద్రలో ఉంది. ఆ టైములో పడుకోవడం ఆమెకు ఎన్నేళ్లకు దొరికిందో.

వాగులో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. ఇద్దరూ ఒక బండ మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టారు. నీళ్ల చప్పుడు, పైన ఏదో పిట్ట కూత తప్ప ఏమీ లేదు. 

“నీకొక మాట చెప్పాలె” అంది జైనాబీ. చిన్న గొంతుతోనే అంది. “కోపం చెయ్యకు.”

“చెప్పు.”

“రెండేండ్ల సంది మిరపకాయ సీజన్ వస్తె నాకు ఊపిరి ఆడతలేదు. దగ్గు మొదలైతె ఆగదు. మొన్న ఎండకాలం దవాఖానకు పోయిన. మందు రాసిచ్చి, కారం దుమ్ముకు దూరం ఉండుమన్నది డాక్టరమ్మ. ఇంక ముదరలేదట. ఇప్పుడే జాగ్రత్త పడితె తగ్గుతదన్నది.”

జానీ మియా ఆమె వైపు తిరిగాడు. “నాకెందుకు చెప్పలే?”

“చెప్పిన.”

“ఎప్పుడు?”

“గిర్నిల. మోటారు నడుస్తాంది. ‘దవాఖానకు పోయి వచ్చిన’ అన్న. నువ్వు ‘ఎన్ని కిలోలు?’ అన్నవ్.”

ఆయనకు నవ్వు రాలేదు. చెప్పిన ఆమెకు కూడా రాలేదు. ఏటా ఫిబ్రవరి నుంచి ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి దిగగానే జనం ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి బస్తాలు మోసుకొస్తారు. గిర్ని ఒకే గది. మూలనున్న కారం మిషన్ తిరిగితే గదంతా ఎర్రటి దుమ్మే. జైనాబీ కొంగు ముక్కుకు కట్టుకుని కళ్లలో నీళ్లతో జల్లిస్తుంటే, అందరికీ ఉండేదే కదా అనుకున్నాడు. ఆమె దగ్గు ఆయన చూశాడు. వినలేదు.

“మల్ల ఎందుకు చెప్పలే?” అని అడిగాడు చివరికి.

“అదే మన సీజన్ గద. బంద్ పెడ్తవా ఏంది అని ఊకున్న.”

జానీ మియా నీళ్లలోంచి కాళ్లు తీసి బండ మీద పెట్టుకున్నాడు. ఆ సీజన్ లేకపోతే ఇల్లు ఎంత బిగబట్టి నడపాలో ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు. అందుకే ఆమె ఏమీ అడగలేదు, వాగు వైపే చూస్తూ కూర్చుంది.

“వచ్చేసారి మనం మిరపకాయ పట్టనే పట్టం” అన్నాడు.

“ఆలోచించి చెప్పు. తొందరేం లేదు.”

“పట్టం, జైనా.”

ఆయన ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, గిర్నిలో అయితే అది పెదవుల కదలిక మాత్రమే అయ్యేది. ఇక్కడ మాత్రం ఆమెకు అక్షరం అక్షరం వినిపించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఇద్దరూ చాలా మాట్లాడుకున్నారు: ఫౌజియా పెళ్లి మాట తొందరపడి ఎత్తకూడదని, వచ్చే ఎండాకాలం ఆమె వేసవి సెలవులకు వచ్చినప్పుడు పై గదికి సున్నం వేయించాలని, ఆయన మోకాలి నొప్పి సంగతి ఆయన కూడా దాచాడని. మధ్యాహ్నం భోజనానికి ఫౌజియా వెతుక్కుంటూ వచ్చేదాకా లేవలేదు.

ఆదివారం సాయంత్రానికి వరంగల్ చేరారు. బస్సు దిగుతుంటే బక్కమ్మ, “మల్ల ఎప్పుడు బంద్ పెడ్తరు?” అని అడిగింది.

సోమవారం పొద్దున జానీ మియా వెళ్లేసరికి షట్టర్ ముందు భానుచందర్ నిలబడి ఉన్నాడు. నలభై లోపు మనిషి. కళ్లు ఎర్రగా, ముఖం పీక్కుపోయి ఉంది. షట్టర్‌కు కట్టిన అట్టముక్కను చూస్తున్నాడు. జానీ మియా, అతను ఏదో గొడవకు వచ్చాడనుకున్నాడు.

“చాచా, నా పేరు రాసిండ్రు” అన్నాడు భానుచందర్.

“మా ఇంటామె రాసింది. తప్పయితె…”

“తప్పేముంది? నాలుగేండ్ల సంది ఈ గల్లీల నా పేరు ఎవ్వలు మంచిగ చెప్పలే.” అతను తల గోక్కున్నాడు. “మొదటి రోజు మస్తు సంబురమైంది. రెండో రోజుకు నడుము పడిపోయింది. నిన్నయితె నేను, మా ఇంటామె అన్నం తినలే. అయినా జొన్నలోళ్లందరు రొట్టె ఇరుగుతాందని తిట్టిండ్రు.” కొంచెం ఆగి నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాడు. “హాస్టల్ వంటాయన మాత్రం ఇగ నా కాడికే వస్త అన్నడు చాచా. నేనడగలే. నా మిషన్ల తొందరగ అయితాందట.”

జానీ మియాకు చురుక్కుమంది. ఆ హాస్టల్ పెద్ద గిరాకీ. అయినా కుర్రాడు దాచకుండా చెప్పాడు. “పోనీ తియ్యి” అన్నాడు.

“నేను గిర్ని పెట్టినప్పటి సంది ఒక్క ఆదివారం గూడ బంద్ పెట్టలే చాచా. మా అత్తగారింటికి ఇద్దరం కల్సి పోయింది లేదు. మీరు తీసుంటరని నేను తీసుంట.”

“నువ్వు తీసుంటవని నేను తీసుంట.”

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. జానీ మియా షట్టర్ ఎత్తి, రెండు స్టూళ్లు బయట వేసి, హోటల్ నుంచి టీలు తెప్పించాడు. ఆ టీలు చల్లారేలోపు మాట కుదిరింది. ఒక ఆదివారం జానీ మియా బంద్, తర్వాతి ఆదివారం భానుచందర్ బంద్. మూసిన వాళ్ల షట్టర్ మీద తెరిచిన వాళ్ల పేరు ఉండాలి. ఎవరికైనా ఊరు వెళ్లే పని పడితే వారం ముందు చెప్పుకోవాలి.

“ఇంకొకటి” అన్నాడు జానీ మియా. “ఫిబ్రవరి సంది నేను కారం పట్ట. మిరపకాయ తెచ్చినోళ్లను నీ కాడికే పంపుత.”

భానుచందర్ గ్లాసు కింద పెట్టాడు. “మొత్తమా? ఎందుకు చాచా?”

లోపల డబ్బాలు సర్దుతున్న జైనాబీ వైపు ఒకసారి చూసి, జానీ మియా సంగతి చెప్పాడు. విన్నాక భానుచందర్ తన గిర్ని వైపు చేయి చూపించాడు. “నాకు వెనక షెడ్డుల వేరే మిషన్ ఉన్నది. పంపుండ్రి. జొన్నలు వస్తె నేను మీ కాడికి తోలుత. నాకు ఆ తిట్లు తప్పుతయి” అన్నాడు.

అన్నీ సాఫీగా జరిగాయని కాదు. ఫిబ్రవరి, మార్చి నెలలు ఇల్లు గట్టిగానే బిగబట్టుకుని నడిచింది. మిరపకాయ బస్తాలతో వచ్చి, ‘పట్టం’ అంటే గొణుక్కుంటూ వెళ్లినవాళ్లు మళ్లీ గోధుమలకు కూడా రాలేదు. ఒక ఆదివారం భానుచందర్ మాట మరిచి తన షట్టర్ కూడా మూసేస్తే, రెండు గిర్నుల మధ్య తిరిగిన జనం ఇద్దరినీ తిట్టారు. కానీ జొన్నల డబ్బాలు పెరిగాయి. వేరే గల్లీల నుంచి కూడా రాతి గిర్ని పిండి కోసం రావడం మొదలైంది. జైనాబీ ఆ ఎండాకాలం ముక్కుకు కొంగు కట్టుకోలేదు. దవాఖానకు ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లారు. ఊపిరితిత్తులు బాగున్నాయని, మందు తగ్గించవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. వాళ్ల బంద్ రోజు. జానీ మియా ఎనిమిదింటికి లేచాడు. ఇంటి ముందు వేపచెట్టు నీడలో జైనాబీ అప్పటికే చాప వేసి కూర్చుని, కొత్తిమీర ఏరుతోంది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె లోపలికి వెళ్లి టీ తెచ్చింది. గల్లీ చివర ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది కాసేపు ఏడ్చి ఆగిపోయింది.

“ఇయ్యాల ఎటన్న పోదమా?” అని అడిగాడు.

“ఎటు పోవాల్నని ఉన్నది నీకు?”

ఆయన ఆలోచించాడు. ఖిల్లా గుర్తొచ్చింది, భద్రకాళి చెరువు కట్ట గుర్తొచ్చింది, నెక్కొండలో వదిన గుర్తొచ్చింది. ఏదీ అంత తొందర పెట్టలేదు.

“ఏం లేదు” అన్నాడు.

“అయితె ఇట్లనే కూసుందం” అంది జైనాబీ, కొత్తిమీరలో సగం ఆయన ముందుకు జరుపుతూ.